మజిలీలు లేని అద్భుత కథ

తెలుగువారి కల్పనాశక్తి ఇంకిపోయినదని నేడెవ్వరును అనజాలరు. 2015, 2017 సంవత్సరములలో వెలువడిన ‘బాహుబలి’ రెండు భాగములును, 2024లో వచ్చిన ‘హనుమాన్’, ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రములును అందులకు సాక్ష్యములు. అయినను ఆ వైభవము చాటున ఒక వింత కలదు. ‘బాహుబలి’కి పూర్వకథగా ఆనంద్ నీలకంఠన్ రచించిన నవల 2017లో తొలుత ఆంగ్లమున వెలువడినది. తెలుగు దర్శకుడు తెరపై నిలిపిన మాహిష్మతీ రాజ్యము పుస్తకరూపము దాల్చుటకు పరభాషా ద్వారమున ప్రవేశింపవలసి వచ్చినది. తెరమీద కాసులు కురిపించు అద్భుత కథను తెలుగు నవలగా వ్రాయబూనిన యువరచయితకు ప్రచురణకర్త లభించుటయే కష్టమగుచున్నది. ఈ వైపరీత్యమునకు కారణమేమి?

అద్భుత కథ పరదేశపు సరకు అనువారు గోదావరీ తీరపు సాహిత్య చరిత్రను ఒకసారి తిరుగవేయవలెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రచించిరి. స్విఫ్ట్ మహాశయుని ‘గలివరు యాత్రలు’ దానికి ప్రేరణము. అందలి ఆడుమళయాళమున స్త్రీలు ఏలికలు. పురుషులు వారి చెప్పుచేతలలో మెలగువారు. పాఠకుడు మొదట నవ్వును. పిమ్మట తన యింటి తీరును తలచుకొని ఆ నవ్వు మానును. అద్భుత కథ కేవలము పలాయనమనువారికి ఇంతకంటె సమాధానమేల? ఇంకొక విశేషము. పంతులుగారికి రచనతోపాటు పత్రికయు, ముద్రణాలయమును చేతిలో నుండెను. వారి సాంఘిక నవల ‘రాజశేఖర చరిత్రము’ సైతము 1878 నుండి ‘వివేకవర్ధని’లో భాగములుగా వెలువడి, 1880లో గ్రంథమైనది.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ పండ్రెండు భాగములును రాజమహేంద్రవరపు ప్రచురణకర్తల చేతిమీదుగా ఆంధ్రదేశమెల్ల వ్యాపించినవి. మణిసిద్ధుడను యతి కాశికి కాలినడకను పోవుచుండును. తోడు వచ్చిన గోపాలుడు దారిలో చూచిన వింతను గూర్చి అడుగును. యతి మజిలీయందు దాని కథ చెప్పును. 1951 నాటి ‘పాతాళభైరవి’ చిత్రమునకు ఈ కథలు ప్రేరణమైనవి. మజిలీ చెప్పువానికి విశ్రాంతి, వినువానికి నిరీక్షణ. కొత్త లోకమును నిర్మించు సుదీర్ఘ కథ ఒక్క గుక్కలో ముగియునది కాదు. మజిలీ మీద మజిలీగా సాగవలసినది.

తరువాతి కాలమున మజిలీల రూపము మారినదే కాని అవి మాయలేదు. తణుకున జన్మించి, వేయి నవలల రచయితగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చౌక నవలలు రైలు స్టేషనులలో అమ్ముడుపోయెడివి. 1947 జూలైలో ఆరంభమైన ‘చందమామ’ నెలకొక మజిలీ యయ్యెను. అందు దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954లో ‘తోకచుక్క’ మొదలుగా అనేక ధారావాహికలను తన పేరు ప్రకటింపకయే వ్రాసిరి. అవి ఆయన పేరుతో పుస్తకములై పాఠకులకందుటకు దశాబ్దములు గడచినవి. రాజోలున జన్మించిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళము’ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వారము వారము ఉత్కంఠ రేపిన పిదపనే గ్రంథమైనది.

ఈ మజిలీలు ఒక్కటొక్కటిగా మూతపడినవి. ‘చందమామ’ 2013 నాటికి ఆగిపోయినది. 2020లో కరోనా విపత్తు వేళ ‘ఆంధ్రభూమి’, ‘నవ్య’ వారపత్రికల ముద్రణ నిలిచిపోయినది. ధారావాహిక పోవుటతో రచయితకు పారితోషికము పోయినది. ప్రకరణము ప్రకరణమునకు పాఠకుడిచ్చు తీర్పు పోయినది. ప్రచురణకర్తకు ధైర్యము పోయినది. వెనుక ప్రచురణకర్త పాఠకులు మెచ్చిన కథనే అచ్చువేయువాడు. నేడు పేరు తెలియని రచయిత నాలుగు వందల పుటల వ్రాతప్రతిని తెచ్చినచో నష్టభయమంతయు ఆయనదే. చిన్నకథకు ఆదివారపు సంచికలో రెండు పుటలు చాలును. అద్భుత నవలకు అవి చాలవు. కనుకనే దెబ్బ ఈ ప్రక్రియకే గట్టిగా తగిలినది.

ఫలితముగా రచయితయే సొంత సొమ్ముతో కొలది ప్రతులు అచ్చువేయించి, సగము మిత్రులకు పంచి, మిగిలినవి అటుకపై దాచుచున్నాడు. ఆంగ్లమున రచయితకును ప్రచురణకర్తకును నడుమ సాహిత్య ప్రతినిధి యుండును. ఆమిష్ త్రిపాఠీ తొలి నవలను పలువురు ప్రచురణకర్తలు కాదన్నను, 2010లో ఆయన ప్రతినిధియే దానిని వెలువరించెను. తెలుగున అట్టి వ్యవస్థ వేళ్లూనలేదు. ‘ప్రతిలిపి’ వంటి అంతర్జాల వేదికలు ధారావాహికకు మరల చోటు కల్పించినవి. అది మేలే. కాని వ్రాతను దిద్ది, అనవసరమును తొలగించి, రచయితను తీర్చిదిద్దు సంపాదకుని స్థానము అచట చాలవరకు శూన్యము.

కర్తవ్యమేమి? ప్రచురణకర్తలు బృహన్నవలను చిన్న సంపుటములుగా విభజించి, మొదటి దానిని తక్కువ ధరకు అందించి చూడవచ్చును. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు వసూలగు గ్రంథాలయ సుంకము జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరును; అందులో కొంత కొత్త నవలలపై వెచ్చింపుమని పాఠకులు అడుగవచ్చును. యువరచయితలు ఆత్రపడి సర్వహక్కులను వ్రాసియీయరాదు. కథకు పుస్తకముగను, చిత్రముగను వేర్వేరు విలువలు కలవు.

అన్నింటికంటె ముఖ్యమైనది పాఠశాల. కోనసీమలోని ఒక విద్యార్థి గోడపత్రికలో వారమునకొక ప్రకరణము వ్రాసినచో, తోటివారు తరువాతి భాగమునకై వేచియున్నచో, అతనికి తొలి మజిలీ దొరికినట్లే. ఉపాధ్యాయుడు వ్రాతను దిద్దినచో అతనికి సంపాదకుడును దొరికినట్లే. అట్టి విద్యార్థిని వ్యర్థప్రలాపమని మందలించినచో, అతడు రేపు ఆంగ్లమున వ్రాయును, లేదా కలమునే వదలును. ఆ నష్టము అతనిది కాదు, తెలుగుది. గోపాలుడు అడుగనిదే మణిసిద్ధుడు కథ చెప్పలేదు. ఆ యడుగుట తరగతి గదిలోనే మొదలు కావలెను.