వాళ్లది టేస్టింగ్, మనది తాగుడు

తాగేవాళ్ల కోసం తెలుగులో రెండు నిఘంటువులున్నాయి. మా వాడలో తాగితే తాగుబోతు. మేడ మీద తాగితే అభిరుచి. మన అలంకారశాస్త్రమూ అంతే. మంచి కవిత్వాన్ని ద్రాక్షాపాకమంది గానీ కల్లుపాకమని ఎక్కడా అనలేదు. (క్లాసులో ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.)

మొన్న కర్నూల్లో ఐదుగురు స్నేహితులం కూర్చున్నాం. అమెరికా నుంచి వచ్చినతను ఇరవై ఏళ్లు దాటిన నాపా వ్యాలీ కాబెర్నే సీసా తెచ్చినాడు. ఈ వైన్ కొత్తలో నాలుకను వగరుతో పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వగరు మెత్తబడుతుంది, అడుగున మడ్డి చేరుతుంది, పండ్ల వాసన తగ్గి ఎండుటాకు, పొగాకు, తోలు వాసనలు పైకొస్తాయి. అతను గ్లాసు తిప్పి, వాసన చూసి, కళ్లు మూసుకుని "లెదర్" అన్నాడు. మిగతావాళ్లు తలలూపినారు.

నేను మాదిగోణ్ణి. తోలు వాసనను ఎవరైనా మెచ్చుకోవడం వినింది అదే మొదటిసారి.

ఆ వగరు పేరు టానిన్. తోలు శుద్ధి చేసే టానింగ్ పనిలోంచే వచ్చిన పేరు. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండేదీ, మా పెద్దలు లందలో వేసిన తంగేడు చెక్కలో ఉండేదీ ఒకే జాతి పదార్థం. సీమ బీళ్లలో తంగేడుకు కరువు లేదు. ఆ చెక్క కొట్టి తెచ్చి, దంచి, నానబెట్టి పచ్చి తోలును చెప్పుగా, కపిల తొండంగా మార్చినవాళ్లను ఊరు ముక్కు మూసుకుని దూరం పెట్టింది. ఊరి చేలు తడిసింది మాత్రం ఆ తొండంతోనే. నా స్నేహితుడు చెడ్డవాడు కాదు. ఆ వాసనకు మనుషులుంటారని అతనికెవరూ చెప్పలేదు.

తాగుడును వెనకేసుకు రావడం లేదు. సారా మా ఇళ్లను తినింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది అందుకే. 1993 అక్టోబరులో సారాను నిషేధించింది మన కర్నూలు జిల్లా మనిషి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం. మంచి పనే. కానీ ఇంగ్లీషు మందు 1995 జనవరి దాకా దర్జాగా అమ్ముడుపోయింది, ఆ తర్వాత మూసినా 1997లో మళ్లీ వచ్చింది. ముందు పాపమైంది పేదోడి గ్లాసే.

1976లో పారిస్‌లో లేబుళ్లు దాచి రుచి చూపిస్తే ఫ్రెంచి నిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలిచ్చినారు. లేబుల్ కనబడుంటే ఇచ్చేవాళ్లా? అదే కాలిఫోర్నియాలో కులవివక్షను పేరు పెట్టి నిషేధించే ఎస్‌బీ 403 బిల్లు రెండు సభల్లో గెలిచింది. 2023 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేసినాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన వైన్ వ్యాపారి, నాపాలో ఒక వైనరీ పెట్టినవాళ్లలో ఒకడు. సీసా మీద తోట పేరూ, కోసిన ఏడాదీ వెతికే చోట, మనిషికి జరిగే అవమానానికి మాత్రం పేరు అక్కర్లేదట.

కర్నూలు, కడప పల్లెల్లో లంద పని తెలిసిన పెద్దలు కొందరే మిగిలినారు. చెక్క ఎన్నాళ్లు నానేది, తోలు అయిందని చేతికి ఎట్లా తెలిసేది, ఏ వాసన వస్తే బయటికి తీసేవాళ్లు? సెలవులకు ఊరికి పోయినప్పుడు అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకుని రండి.