గోళ్ళ రంగు – గౌను రంగు



పట్నంలో చదువుకొనే మన ఆడపిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, గౌనుకు తగినట్లు గోళ్ళకు రంగులు, చుక్కలు, పువ్వులు వేసుకొని గుడికి వస్తున్నారు. పెద్దలు గొణుగుతారు. మరుసటి ఆదివారం ఆ బిడ్డ రాదు. గోటి రంగు కంటె ఆ ఖాళీ చాపే మమ్మును ఎక్కువగా బాధిస్తున్నది.

మన నాయనమ్మలు గోరింటాకుతో గోళ్ళు పండించుకొన్నవారే. సీసా రంగు వచ్చిన దారి వేరు. 1932లో అమెరికాలో మొదలైన రెవ్లాన్ కంపెనీ తొలుత అమ్మినది గోళ్ళ రంగే. పెదవులకూ గోళ్ళకూ ఒకే రంగు ఉండాలని ప్రచారం చేసినదీ ఆ కంపెనీయే. అమ్మకం వారిది, ఎంపిక మనది.

కాబట్టి బిడ్డలారా, పువ్వుల గౌనుకు ఆ పువ్వులలోని ఒక్క రంగు చాలును. తెల్లని పెండ్లి గౌనుకు లేత గులాబి అందము. సాదా గౌనైతే ఉంగరపు వ్రేలికి మాత్రమే చిన్న పువ్వు వేసుకొనండి. గోళ్ళు పొట్టిగా ఉంచండి. పొడుగు గోటి క్రింది మురికి అన్నంతోపాటు కడుపులోకి పోవును. ఆపరేషనుకు ముందు రంగు తుడిచివేయండి. వ్రేలికి తగిలించి ప్రాణవాయువును కొలిచే యంత్రానికి అది అడ్డు కావచ్చును. రంగు తుడిచే మందును పొయ్యి దగ్గర తెరవవద్దు, తటాలున అంటుకొనును.

పెద్దలారా, పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయములో పైఅలంకారము కంటె హృదయపు సాధుత్వమును మెచ్చుకొన్నాడు. ఆ సాధుత్వము మన నాలుకకూ కావలెను. రంగు వేసిన చేయి పిడికెడు బియ్యం కానుక తెచ్చినప్పుడు, ముందు ఆ బిడ్డను పేరుపెట్టి పలుకరించండి.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.