తప్పుకు మందుంది, అబద్ధానికి లేదు



ఈ మధ్య మన గ్రూపుల్లో తిరిగే వాయిస్ మెసేజీలు మీరూ వింటూనే ఉంటారు. "ఆ చాకీ సెంటరు పురుగులు ఎవరూ తీసుకోవద్దండి, అంతా మోసం" అని ఒకరు పెడతారు. పొద్దు గూకేలోపల అది కోలారు నుంచి శిడ్లఘట్ట, చింతామణి, హోసూరు దాకా పోతుంది. చాకీ సెంటరువాళ్ళేమో "షెడ్డు కడగరు, తడి ఆకు వేస్తారు, పంట పోతే మా మీద పడతారు" అంటారు. మార్కెట్లో రీలరు మన లాటు అడుగు దాకా చెయ్యి పెట్టి కెలుకుతాడు. ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. నమ్మకం లేకపోతే మన పని ఒక్క రోజు కూడా జరగదు. కంటికి సరిగా కనిపించని పురుగును డబ్బిచ్చి తెచ్చుకునేవాళ్ళం మనం.

నమ్మకం అంటే మనసు మెత్తదనం అనుకుంటాం. శాస్త్రవేత్తలు చెప్పేది చూస్తే అది మెదడు రాసుకునే ఖాతా లాంటిది. వోల్ఫ్రాం షుల్ట్జ్ అనే ఆయన కోతుల మీద పరీక్షలు చేశాడు. అనుకోకుండా పళ్ళరసం దొరికినప్పుడు కోతి మెదడులో డోపమిన్ కణాలు చురుకయ్యాయి. అలవాటయ్యాక, రసం వచ్చే ముందు చూపించే గుర్తు కనబడగానే చురుకయ్యాయి. గుర్తు కనబడి రసం రాకపోతే, రావలసిన ఆ క్షణానికి కణాలు చప్పబడిపోయాయి. అనుకున్నదెంత, దొరికిందెంత అని మెదడు ప్రతిసారీ లెక్క వేస్తుందన్నమాట.

మనుషుల్లోనూ ఇలాంటిదే చూశారు. 2005లో అమెరికాలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఆట ఆడించారు. ఒకరు డబ్బు ఇస్తారు, అది మూడింతలై రెండోవారికి చేరుతుంది, అందులో ఎంత తిరిగి ఇవ్వాలో రెండోవారి ఇష్టం. ఇలా పది సార్లు. మొదట్లో రెండోవారి మెదడు, అవతలివారు ఎంత పంపారో చూశాకే కదిలింది. కొన్నిసార్లు ఆడాక, చూడకముందే కదలడం మొదలైంది. తెలిసిన చాకీ సెంటరు బండి హారన్ వినగానే మన మనసు కుదుటపడుతుంది చూడండి, అదీ ఇలాంటిదే. ఒక్కరోజులో వచ్చేది కాదు, బ్యాచి మీద బ్యాచి బాగా వస్తే కుదిరేది.

పోవడం మాత్రం అంత నిదానంగా పోదు. వంద రూపాయలు దొరికిన సంతోషం కంటే వంద పోయిన బాధ బరువెక్కువ అని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. పది బ్యాచులు బాగా వచ్చినా ఎవరూ గ్రూపులో పెట్టరు. పదకొండోది పోతే పెడతారు. నాలుగో జ్వరం లేచి, ఆకంతా తిన్నాక, కూలి అంతా ఇచ్చాక పురుగు పోతే కడుపు మండుతుంది. అది తప్పని నేననను. కానీ ఆ మంటలో మనం ముందు కనబడిన మొహం మీద నేరం వేస్తాం. చిక్కు అక్కడే ఉంది.

పురుగు చావుకు కారణాలు నాలుగైదున్నాయి. పెబ్రిన్ అయితే తల్లి చిలక నుంచి గుడ్డులోకి వచ్చే రోగం, పురుగులు హెచ్చుతగ్గులుగా పెరుగుతాయి, జ్వరం ఒకేసారి పట్టవు, ఒకేసారి లేవవు. పాలరోగం అయితే కణుపులు ఉబ్బి, చర్మం చిట్లి పాలలాంటి నీరు కారుతుంది. సున్నకట్టు అయితే చచ్చిన పురుగు సున్నపు ముక్కలా గట్టిపడుతుంది, చలి తేమ రోజుల్లో ఎక్కువ. పక్క టమాటా తోటలో కొట్టిన మందు ఆకు మీద పడితే పురుగు కక్కుకుని మెలికలు తిరుగుతుంది. మందు అయితే చాకీవాడికేం సంబంధం? పాలరోగం మన షెడ్డులో అంటవచ్చు, చాకీలోనే అంటి రావచ్చు కూడా. కంటితో చూసి తీర్పు చెప్పడానికి మనమెవరం? చచ్చినవాటితోపాటు మందంగా ఉన్న బతికిన పురుగులను కూడా సెరికల్చర్ ఆఫీసుకు పట్టుకుపోయి మైక్రోస్కోపు కింద పెట్టించాలి.

అసలు మన పరిశ్రమ నిలబడిందే ఈ పద్ధతి మీద. 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగులు కుప్పలుగా చస్తుంటే లూయీ పాశ్చర్‌ను పంపారు. అప్పటిదాకా ఆయనకు ఈ పురుగు సంగతే తెలియదు. ఆయన తేల్చింది ఒకటే, గుడ్లు పెట్టిన తల్లి చిలకను నూరి మైక్రోస్కోపులో చూడు, రోగం ఉంటే ఆ గుడ్లు పారెయ్. ఇవాళ మనం కొనే రోగం లేని గుడ్లు, అదే డి.ఎఫ్.ఎల్., అలా పరీక్ష చేసి ఇచ్చేవే. పరీక్ష చేశారంటే విత్తనం వాడిని అవమానించినట్టు కాదు. పరీక్ష ఉంది కాబట్టే ముక్కూమొహం తెలియనివాడి గుడ్లను మనం నమ్ముతున్నాం.

ఇక పోయిన నమ్మకం తిరిగి వస్తుందా? 2006లో అమెరికాలో ఇంకో పరీక్ష అచ్చయింది. డబ్బు ఆటలో మొదట కొన్నిసార్లు ఎగ్గొట్టినవాడు, తర్వాత వరసగా సరిగా ఇస్తూ వస్తే నమ్మకం తిరిగి వచ్చింది. ఇకమీదట సరిగా ఉంటానని మాట ఇస్తే మొదట్లో ఇంకాస్త తొందరగా వచ్చింది. కానీ ఎగ్గొట్టడంతోపాటు అబద్ధం కూడా చెప్పినవాడి మీద మాత్రం, క్షమాపణ అడిగినా, మాట ఇచ్చినా, తర్వాత ఎంత సరిగా నడుచుకున్నా నమ్మకం పూర్తిగా రాలేదు.

నేను చెప్పదలచింది ఇదే. లాటులో రోగం వచ్చిందని తెలిసిన రోజే, ఆ లాటు తీసుకున్న రైతులందరికీ ఫోన్ చేసి "ఇలా అయింది, పురుగులు తీసి కాల్చెయ్యండి, వచ్చే బ్యాచిలో సర్దుకుందాం" అన్న సెంటరు దగ్గరికి మళ్ళీ పోతాం. తెలిసి కూడా "నీ షెడ్డు సరిగా లేదు" అన్నవాడి దగ్గరికి పోము. ఒప్పుకుంటే పరిహారం కట్టాలని భయం అంటారు. ఉండవచ్చు. కానీ ఒక బ్యాచి పరిహారం ఎంత, ఊరంతా చేజారిపోతే నష్టమెంత, లెక్క వాళ్ళే వేసుకోవాలి.

ఇది మనకూ వర్తిస్తుంది. ఇ-హరాజు ఉన్నచోట తూకం మిషను చెప్తుంది, ధర ఫోనులో కనబడుతుంది. లాటు అడుగున డబులు, జిల్లి, మరక గూళ్ళు ఉన్నాయా అన్నది మాత్రం మిషను చెప్పదు. అడుగున ఒకటి, పైన ఒకటి పోసేవాళ్ళు నలుగురుంటే రీలరు నలభై మందికీ ధర తగ్గిస్తాడు.

అందుకని మూడు మాటలు.

1. చాకీ తెచ్చుకునేటప్పుడు గుడ్లు ఎక్కడివి, లాటు నంబరు ఎంత, పొదిగిన తేదీ ఏది అని రాసిన చీటీ అడగండి. ఇవ్వని సెంటరుకు నాలుగు గుడ్లే ఆర్డరివ్వండి అనను, అసలు ఆర్డరే ఇవ్వకండి.

2. పంట పోతే పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా ఏ సెంటరు పేరూ గ్రూపులో పెట్టకండి. వచ్చాక దాచకండి. బాగా వచ్చిన బ్యాచి సంగతి కూడా పెట్టండి.

3. ఒకసారి తప్పు జరిగి, నిజం చెప్పిన సెంటరును వదిలెయ్యకండి. వచ్చేసారి రెండు వందల గుడ్ల బదులు యాభై తీసుకోండి. అవి బాగా వస్తే వంద. చిన్న చిన్నగానే మెదడు ఖాతా మళ్ళీ నిండేది.

ఈ బ్యాచి చాకీ చీటీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఎంతమంది చేతిలో చీటీ ఉందో ముందు అదే తెలుస్తుంది.