ఆడియాలజీ టీచరు బూత్‌లోకి రావాలి

ఆడియాలజీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఏటా మాస్కింగ్ పాఠం రాగానే పిల్లలకు ముందు నా తప్పే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. తొమ్మిదేళ్ల బాబు, గవదబిళ్ళలు వచ్చి తగ్గాక ఎడమ చెవికి ఫోను పెట్టుకుంటే వినబడటం లేదన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టి ఆ చెవికి శబ్దం పెంచుకుంటూ పోయాను. 55 డెసిబెల్స్ దగ్గర వేలెత్తాడు. చెవి వెనక ఎముక మీద వైబ్రేటర్ పెడితే 5 దగ్గరే ఎత్తేశాడు. నరం బాగుంది, మధ్య చెవిలోనే ఏదో అడ్డు, వైద్యంతో నయమవుతుందని రాసిచ్చాను. తల్లి ముఖం వెలిగిపోయింది.

మా సీనియర్ మేడమ్ ఆ గ్రాఫ్ చూసి, "కుడి చెవి సంగతి మర్చిపోయావా అమ్మా?" అన్నారు. బాబును మళ్లీ కూర్చోబెట్టి, కుడి చెవిలోకి హోరు వదిలి, ఎడమ చెవిని పరీక్షించారు. మాస్కింగ్ అంటే ఇదే. ఎంత పెంచినా వేలు లేవలేదు. అంతకుముందు విన్నదంతా కుడి చెవే! మామూలు హెడ్‌ఫోన్‌లో శబ్దం 40 డెసిబెల్స్ దాటితే పుర్రె గుండా అవతలి చెవికి చేరిపోవచ్చు. ఎముక మీద పెడితే దాదాపు తగ్గకుండానే చేరుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఆ తల్లికి రెండోసారి నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మార్కులు అక్కరకు రాలేదు.

అందుకే సీఆర్‌ఈ (కంటిన్యూయింగ్ రిహాబిలిటేషన్ ఎడ్యుకేషన్) పాయింట్ల గురించి రాస్తున్నాను. రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రెన్యూ కావాలంటే మేం ఈ పాయింట్లు చూపించాలి. నియమం మంచిదే, ఉండి తీరాలి. కానీ నేను వెళ్లిన చాలా కార్యక్రమాల్లో జరిగింది ఒకటే: హాలు, స్లైడ్లు, భోజనం, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. రెండు రోజుల్లో ఒక్క చెవినీ చూడలేదు. పాఠం చెప్పేవాళ్ల ప్రమోషన్లూ ఈ కాగితాల మీదే నడుస్తాయి. వినికిడి పరీక్ష చేసే బూత్‌లోకి అడుగుపెట్టి ఏళ్లయిన అధ్యాపకులు నాకు తెలుసు. మంచివాళ్లే, వాళ్లను ఎవరూ అక్కడికి పంపలేదు.

పేషెంటు దగ్గర కూర్చోకపోతే భాష కూడా పోతుంది. మొన్న ఇంటర్న్ ఒకమ్మాయి ఓ పెద్దాయనను "మీకు టినిటస్ ఉందా?" అని అడిగింది. లేదన్నాడు. "చెవుల గుయ్యిమంటదా తాతా?" అని నేనడిగితే, "మూడేండ్ల సంది బిడ్డా, రాత్రి నిద్ర పట్టది" అన్నాడు. ఆ అమ్మాయి తప్పేం లేదు. నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీలో రోగిని తెలుగులో ఎలా అడగాలో మేం ఒక్క గంటైనా నేర్పలేదు.

సీఆర్‌ఈ పాయింట్లలో సగమైనా మరొకరు పక్కన నిలబడి చూస్తుండగా చేసిన పరీక్షలకు ఇవ్వాలి. ఆ పరిశీలన ప్రొఫెసర్లకూ ఉండాలి. కాలేజీ యాజమాన్యాలకు నా విన్నపం: టైంటేబుల్లో ప్రతి అధ్యాపకుడికీ వారానికి ఒక రోజు ఓపీ రాయండి, ఆ రోజు క్లాసు వేయకండి. నేను బుధవారం పెట్టుకున్నాను. పిల్లలు ఆ రోజు నా వెనకాలే బూత్‌లోకి వస్తారు.