కుస్కోలో మేము, మనము

పెరూ దేశానికి వెళ్ళివచ్చానని తెలిసిన ప్రతివారూ నన్నడుగుతున్న మొదటి ప్రశ్న "మాచు పిచ్చు చూచారా మాస్టారూ?" అని. చూడలేదు. ఆ మాట విన్నవెంటనే, కాశీదాకా పోయి గంగలో మునగకుండా తిరిగివచ్చినవాణ్ణి చూచినట్లు నావైపు జాలిగా చూస్తారు. ఆ జాలికి సమాధానంగానే ఈ టపా వ్రాస్తున్నాను.

చూడకపోవడానికి మొదటి కారణం గొప్పదేమీ కాదు. నేను వెళ్ళేసరికి ప్రవేశపు టిక్కెట్లు అయిపోయాయి. అయితే వాటికోసం పరుగులు పెట్టకుండా, చేతిలో ఉన్న ఐదు రోజులనూ కుస్కో నగరంలోనూ, దానికి రెండు గంటల దూరంలో ఉన్న ఒల్లంతాయ్‌తంబో అనే చిన్న ఊరిలోనూ గడపడం మాత్రం నేను బుద్ధిపూర్వకంగా చేసిన పని. అది సరియైన పనేనని నా వాదం.

అమెరికాలో అమ్మాయి ఇంట ఉండగా ఈ ఆలోచన కలిగింది. "ఈ వయస్సులో ఒంటరిగా, వీపున సంచితోనా నాన్నగారూ!" అని అమ్మాయి నొచ్చుకున్నది. మనవరాలి పాత బడిసంచి తగిలించుకొని బయలుదేరాను. కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. మన తిరుమలకొండకు దాదాపు నాలుగు రెట్లు. మొదటినాడు పది మెట్లెక్కేసరికి ఆయాసం ముంచుకువచ్చింది. బసలో ఇచ్చిన కోకా ఆకుల కషాయం త్రాగి, పూటంతా పడుకున్నాను.

ఆ బసలో ఒకే గదిలో ఆరు పడకలు. తక్కిన ఐదింటిలోనూ పాతికేళ్ళ లోపు యువకులు, నానాదేశాలవారు. ప్రతివారి దగ్గరా ఒక జాబితా. ఉదయం మారాస్ ఉప్పుమళ్ళు, మధ్యాహ్నం మొరాయ్ వలయాలు, రాత్రి రైలు, తెల్లవారితే మాచు పిచ్చు. పరీక్షకు ముందురోజు గైడు పుస్తకం బట్టీపట్టే విద్యార్థులు నాకు జ్ఞాపకం వచ్చారు. వారిని తప్పుపట్టను, డబ్బు తక్కువ, సెలవు తక్కువ. కాని జాబితా అయిపోయినంతమాత్రాన పాఠం వచ్చినట్లు కాదని బడిపంతులుకు తెలుసు.

నేను మాత్రం ఒక చిన్న వ్యాకరణ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళాను. ఇంకాల భాష క్వెచువా. అమ్మాయి ఉండే ఊరి గ్రంథాలయంలో పుస్తకం దొరికితే నెలరోజులు చదివి, కావలసిన పుటలు నకలు తీయించుకున్నాను. ఆ నాలుగు ముక్కల చదువు నాకు ఏ టిక్కెట్టూ తెరవలేని తలుపులు తెరచింది.

కుస్కోలో పన్నెండు కోణాల రాయి ఉన్న వీధి ప్రసిద్ధం. సున్నం, మట్టి లేకుండా చుట్టూ ఉన్న రాళ్ళలో ఒదిగిపోయిన రాయి అది. యాత్రికులు దాని ప్రక్కన నిలబడి ఫొటోలు తీయించుకొని వెళ్ళిపోతారు. ఆ వీధి పేరు హతున్ రుమియోక్. హతున్ అంటే పెద్ద, రుమి అంటే రాయి, యోక్ అంటే కలది. "పెద్దరాయి కలది" అని మాటకు మాట, అదే వరుసలో తెలుగులోకి వచ్చింది. వాసి అంటే ఇల్లు. వాసికునా అంటే ఇళ్ళు, వాసిపి అంటే ఇంటిలో, వాసిమంతా అంటే ఇంటినుండి. విభక్తి ప్రత్యయాలు మనకువలెనే మాటకు వెనుక అతుక్కుంటాయి. క్రియ సాధారణంగా వాక్యం చివరనే. ఇది చదివి, క్వెచువా తెలుగుకు చెల్లెలని దయచేసి ఎవరూ వ్యాఖ్య వ్రాయకండి. పోలిక వేరు, చుట్టరికం వేరు.

నా పాండిత్యానికి సాన్ పెద్రో బజారులో శాస్తి జరిగింది. అక్కడ పళ్ళెమంత వెడల్పుగల రొట్టెలమ్ముతారు. అమ్మే ఆమెతో క్వెచువాలో రొట్టె కావాలన్నాను. పకపకా నవ్వి ప్రక్క అంగడివాళ్ళను కూడా పిలిచింది. కుస్కో క్వెచువాలో త మూడు విధాలు. ఒత్తు లేకుండా తంత అంటే పోగు. ఒత్తి థంత అంటే చినిగిపోయిన పాతది. గొంతు బిగబట్టి తటాలున వదిలితేనే రొట్టె. ముప్పైనాలుగేళ్ళు పిల్లలచేత ఒత్తులు దిద్దించిన నేను ఒత్తు దగ్గరే తప్పిపోయి, ఆ తల్లిని పాత చింకి అడిగాను! ఆమె నాచేత మూడుసార్లు పలికించి మరీ రొట్టె ఇచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. తెలుగులో మేము వేరు, మనము వేరు. వినేవానిని విడిచిపెడితే మేము, కలుపుకుంటే మనము. సంస్కృతంలో ఈ భేదం లేదు, ఇంగ్లీషులో లేదు, పెరూను ఏలిన స్పానిష్‌లోనూ లేదు. క్వెచువాలో ఉన్నది. మనము అనడానికి న్యొఖాంచిస్, మేము అనడానికి న్యొఖాయ్కు. 1560లో డొమింగో దె సాంతో తొమాస్ అనే క్రైస్తవ సన్యాసి స్పెయిన్‌లోని వయ్యదొలీద్‌లో అచ్చువేయించిన క్వెచువా వ్యాకరణంలో ఈ భేదాన్ని వివరించాడు. మన తెలుగుకు క్యాంబెల్ వ్యాకరణం అచ్చయింది 1816లో. అంత ముందుగా వ్యాకరణానికెక్కిన ఆ భాష తరువాత పడిన పాట్లు చిన్నవి కావు. 1780లో తూపాక్ అమారు తిరుగుబాటు చేశాడు. 1781లో అతణ్ణి కుస్కో నడిబొడ్డున, నేడు యాత్రికులు కాఫీ త్రాగే కూడలిలోనే చంపారు. ఆ శిక్షతోపాటు, ప్రజలు క్వెచువా మాని స్పానిష్ నేర్వాలనే ఆజ్ఞ కూడా వెలువడింది. మళ్ళీ ఆ భాషకు అధికారభాష హోదా వచ్చింది 1975లో. 2017 జనగణనలో 37 లక్షలమందికి పైగా అది తమ మాతృభాష అని చెప్పుకున్నారు.

ఈ లెక్కలు పుస్తకాలలోనూ దొరుకుతాయి. పుస్తకంలో దొరకనిది నాకు ఒల్లంతాయ్‌తంబోలో దొరికింది.

1536లో కుస్కోను ముట్టడించిన మాంకో ఇంకా, అటుపిమ్మట ఈ ఊరిలో నిలిచి స్పానిష్ సేనను వెనుకకు తరిమాడు. చాలామంది యాత్రికులు ఇక్కడ రైలు కోసం ఒక రాత్రి తల దాచుకొని చీకటితోనే పోతారు. కాని ఇంకాలు వేసిన వీధులలో నేటికీ జనం కాపురముంటున్న ఊరు ఇది. వీధివెంట రాతికాలువలలో నీరు గలగల పారుతుంది. ఒకే వాకిలి, లోపల ముంగిలి, చుట్టూ గదులు. మన మండువా లోగిలి జ్ఞాపకం వస్తుంది. ఎదుటి కొండమీద ఆరు పెద్ద శిలలు నిలబెట్టిన గోడ అసంపూర్ణంగా ఉన్నది. లోయకు ఆవలి గనినుండి తెస్తూ త్రోవలో వదిలేసిన బండలను అక్కడివారు "అలసిన రాళ్ళు" అంటారు.

నేను దిగిన ఇంటిలో ఒక అవ్వ, ఆమె మనవరాలు. మనవరాలికి ఇంగ్లీషు వచ్చు. సాయంత్రం వంటింటిలో కూర్చొని, మొక్కజొన్న పొత్తులు తింటూ, మా ఊళ్ళలో కారం లేనిదే ముద్ద దిగదన్నాను. మిరపకాయ వాళ్ళ ఖండంనుండే మనకు వచ్చిందని ఆ పిల్ల గర్వంగా చెప్పింది. మాటలమధ్య "మా ఇంటిలో మేము క్వెచువా మాట్లాడతాము" అని ఇంగ్లీషులో అన్నది. ఇంగ్లీషు మేములో ఎవరెవరున్నారో తెలియదు కదా. నాకు వచ్చిన నాలుగు ముక్కలతో అవ్వనే అడిగాను, క్వెచువా ఎవరు మాట్లాడతారని. అవ్వ మనవరాలివైపు చూచి, తన గుండెమీద చేయి వేసుకొని "న్యొఖాయ్కు" అన్నది. మేము. ఎదురుగా కూర్చున్న మనవరాలు అందులో లేదు. ఆ పిల్ల తల వంచుకొని, తనకు అర్థమవుతుంది కాని మాట రాదనీ, కుస్కో బడిలో ఎగతాళి చేస్తారని తల్లి నేర్పలేదనీ నాకు చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దానికి ఎత్తు కారణం కాదు. ఊరిపిల్లలకు ఛందస్సు చెప్పిన నేను నా కూతురిని ఇంగ్లీషు మాధ్యమంలో చదివించాను. ఎందుకని అప్పుడెవరైనా అడిగితే ఆ తల్లి చెప్పిన సమాధానమే నేనూ చెప్పి ఉండేవాణ్ణి. ఇప్పుడు నా మనవరాలు "తాతయ్యా, మేము పార్కుకు వెళ్దామా?" అంటుంది. మనము అనాలమ్మా అని దిద్దకుండా ఇన్నాళ్ళూ ముద్దుగా నవ్వి ఊరుకున్నాను.

మాచు పిచ్చు గొప్పది కాదని నేననను. దూరపు కొండలు నునుపు అనేసి తప్పించుకోను. కాని అక్కడి రాళ్ళకు టిక్కెట్టు ఉన్నది, కావలివారున్నారు, రేపు వెళ్ళినా ఉంటాయి. అవ్వ మాట అంతకాలం ఉండదు. ఒంటరిగా సంచి తగిలించుకొని పోయే మన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. జాబితాలో సగం కొట్టివేయండి. ఒకే ఊరిలో మూడు రాత్రులుండండి. ఆ ఊరి భాషలో ఇరవై మాటలు నేర్చుకొని వెళ్ళి, తప్పులు పలకండి, దిద్దేవారు దొరుకుతారు. ప్రక్కన మనవాళ్ళెవరూ లేనప్పుడే ఇది సాధ్యం. జట్టుగా పోయినవారు తమ భాషను వెంట మోసుకుపోతారు.

తిరిగివచ్చిననాడే మనవరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని మేము, మనము చెప్పడం ప్రారంభించాను. రెండు రోజులు పట్టింది. ఇప్పటికీ పదింట నాలుగు తప్పు పోతున్నాయి. వారానికి రెండుసార్లు ఫోనులో దిద్దుతున్నాను.

విదేశాలలో మనవలున్న మిత్రులు మీ ఇంటి సంగతి వ్రాస్తే సంతోషిస్తాను. వారు మేము అంటున్నారా, మనము అంటున్నారా?