క్లాసు పీకడం కౌన్సెలింగ్ కాదు! మన పిల్లల కాలేజీలో కౌన్సెలర్ ఎక్కడ?



వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయిన పిల్లాణ్ణి ఆఫీసు గదిలో నిలబెట్టి, "మీ నాన్న అప్పుచేసి ఫీజు కట్టాడురా, సిగ్గులేదా?" అని అరగంట వాయిస్తారు. దానికి కౌన్సెలింగ్ అని పేరు! ఆ దెబ్బతో వాడు మనసులో మాట ఇంకెవరికీ చెప్పడు. రేపు నిజమైన సాయం ఎదురొచ్చినా ఆ పేరు వింటేనే పారిపోతాడు.

అసలు కౌన్సెలింగ్ ఎలా ఉంటుందో తెలుసుకోండి. అందులో ఎన్నో పద్ధతులున్నాయి. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపుదిద్దిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ)నే తీసుకోండి. "ఈ టెస్టు పోయింది, నేనిక దేనికీ పనికిరాను" అని పిల్లాడు అన్నాడనుకుందాం. కౌన్సెలర్ ఆ మాటను కాగితం మీద రాయిస్తారు. నిజమనడానికి ఏం ఆధారం ఉంది, కాదనడానికి ఏం ఉంది అని వాడి చేతే పక్కపక్కన రాయిస్తారు. మొన్న కెమిస్ట్రీలో బాగా వచ్చిన మార్కులు అప్పుడు గుర్తొస్తాయి. వచ్చే వారానికి ఒక చిన్న పని అప్పగిస్తారు. ఇలా కొన్ని వారాలు సాగుతుంది. ఇందులో తిట్టూ ఉండదు, నీతిబోధా ఉండదు.

కార్ల్ రోజర్స్ అనే మరో అమెరికన్ సైకాలజిస్టు దారి వేరు. అక్కడ సలహాలకన్నా వినడమే ముఖ్యం. తప్పొప్పులు ఎంచకుండా వినేవాళ్లు ఎదురుగా ఉంటే మనిషి తన దారి తానే వెతుక్కోగలడని ఆయన నమ్మాడు. చిన్ననాటి గాయాల్లోకి వెళ్లే పద్ధతులూ ఉన్నాయి, వాటికి సమయం ఎక్కువ పడుతుంది. ఫ్యామిలీ థెరపీలో అమ్మానాన్నలు కూడా కూర్చోవాలి. మన ఇళ్లలో చాలా చిక్కులకు ఇదే అవసరమని మా గట్టి అభిప్రాయం.

ఒక కౌన్సెలర్ దగ్గర కుదరలేదని మానేయకండి. "మీ చదువేమిటి? ఏ పద్ధతిలో చేస్తారు? మా మాటలు గోప్యంగా ఉంచుతారా?" అని నిలదీసి అడగండి. ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప, మంచి కౌన్సెలర్ మీ గుట్టు బయటపెట్టరు. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తారు.

ఇలాంటి కౌన్సెలర్ మన కాలేజీలోనే ఉండాలి. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరినైనా నియమించాలని అందులో ఆదేశించింది. కోచింగ్ సెంటర్లకూ ఇది వర్తిస్తుంది. ఆ తీర్పుకు కారణమైన బిడ్డ మన గడ్డమీదే పోయింది. దాన్ని అమలు చేయించే పూచీ మనది కాదా?

మనుషులు దొరకడం లేదని యాజమాన్యాలు తప్పించుకుంటే ఒప్పుకోవద్దు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్ రోగులకు, వైద్య డిగ్రీ లేని స్థానికులు శిక్షణ పొంది, పర్యవేక్షణలో కౌన్సెలింగ్ చేశారు. మంచి ఫలితం వచ్చిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. లక్షల్లో ఫీజులు గుంజే చోట ఒక్క కౌన్సెలర్‌కు జీతం ఇవ్వలేరా?

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి తర్వాత. ముందు లేచి అడగండి: కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఏ గదిలో, ఏ వేళల్లో ఉంటారు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వకపోతే కలెక్టర్‌కు అర్జీ పెట్టండి.

మీ బిడ్డ "బతకాలని లేదు" అంటే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. వెంటనే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును ఈరోజే మీ ఇంటి గోడ మీద, హాస్టల్ గది తలుపు మీద రాయండి!

— మీ తోటి తల్లిదండ్రులు