తుపాకీకి చిట్టా ఉంది.. నాటుబాంబుకేదీ?

కనుమ పండగ వస్తే అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరతాడు. చెంచులు పల్లకీ మీదికి బాణం వేస్తారు. తమ ఆడపడుచు చెంచులక్ష్మిని మనువాడిన బావగారితో వాళ్ల సరసం అది. ఆ బాణానికి లైసెన్సు అడిగేవాళ్లు లేరు. అదే కొండ కింద రైతు పంట కాపలాకని గొట్టం మూతిలోంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీ పెట్టుకోవాలన్నా సరే, అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కాల్సిందే!

ఆయుధం కొన్నవాడి మీద సర్కారు కన్నేసి ఉంచాలా? ఉంచితే ఎలా? అమెరికాలో ఈ తగవు క్రెడిట్ కార్డు దగ్గరికొచ్చి ఆగింది. 2016లో ఓర్లాండో నైట్‌క్లబ్బులో 49 మందిని కాల్చిచంపిన వ్యక్తి, అంతకుముందు 12 రోజుల్లో కార్డుల మీద 26 వేల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. అందులో తుపాకులూ, తూటాలూ ఉన్నాయి. బ్యాంకులు ముందే పసిగట్టలేవా అని 2018లో న్యూయార్క్ టైమ్స్ ప్రశ్నించింది. 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తుపాకుల దుకాణాలకు 5723 అనే విడి కోడ్ ఇచ్చింది. కిరాణా కొట్టుకో కోడ్, పెట్రోలు బంకుకో కోడ్ ఉన్నట్టే ఇదీనూ. వీసా, మాస్టర్‌కార్డ్ మొదట సరేనన్నాయి. గొడవ ముదిరేసరికి 2023 మార్చిలో ఆగిపోయాయి. తర్వాత కాలిఫోర్నియా ఆ కోడ్‌ను తప్పనిసరి చేసింది. ఫ్లోరిడా, టెక్సస్ వద్దంటూ చట్టాలు చేశాయి.

ఇందులో తిరకాసేమిటంటే.. కోడ్ దుకాణం ఏదో చెబుతుంది, సంచిలో ఏముందో చెప్పదు. తూటాలు కొన్నా, అదే కొట్లో గుడారం కొన్నా బ్యాంకుకు కనిపించేది ఒకే అంకె.

మన దగ్గర ఈ పని కార్డుతో కాదు, కాగితంతో జరుగుతోంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ముందు ఠాణా నుంచి నివేదిక రావాలి. తర్వాతే లైసెన్సు. ఏ తుపాకీ, ఎన్ని తూటాలు అన్నది లైసెన్సులోనే ఉంటుంది. కొన్నప్పుడల్లా డీలరు లెక్క రాయాలి. ప్రతి లైసెన్సుకూ ఇప్పుడు జాతీయ డేటాబేస్‌లో ఒక విశిష్ట సంఖ్య ఉంది. ఒక మనిషికి మూడు తుపాకులన్న పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. ఎన్నికలొస్తే చాలామంది తమ తుపాకుల్ని ఠాణాలో అప్పగించి రావాలి కూడా.

ఈ చిట్టాకు మూలం తెల్లదొరల భయం. అహోబిలానికి దగ్గర్లోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీ మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానాను ముట్టడించాడు. 1847లో ఆయన్ని ఉరితీశారు. పదేళ్లకు 1857 వచ్చింది. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతిలోని కత్తికీ, తుపాకీకీ లెక్కలు కట్టారు. స్వతంత్ర భారత చట్టం ఆ లెక్కను ఉంచింది గానీ పౌరుడికి ఓ దారి చూపింది. లైసెన్సు నిరాకరిస్తే కారణం రాసిపెట్టాలి. దాని మీద అప్పీలు చేసుకోవచ్చు.

మరి ఇంత చిట్టా ఉన్న సీమలో అన్నేళ్లు నెత్తురెందుకు పారింది? ఫ్యాక్షన్ పల్లెల్లో ఇళ్లు కూల్చింది, ఆడవాళ్ల పసుపుకుంకాలు తుడిచింది చాలాసార్లు నాటుబాంబూ, వేటకొడవలీ. బాంబు చుట్టేవాడు బిల్లు తీసుకోడు. కొడవలి కాల్చే కొలిమికి కోడ్ ఉండదు. పేలుడు పదార్థాల మీద 1908 నుంచే చట్టముంది. అయినా గడ్డివాముల్లో దాచిన బకెట్లు ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. చిట్టా చూపించేది చిట్టాకు ఎక్కినవాణ్నే!

అలాగని చిట్టా దండగ అనలేం. పేరు, నంబరు, లెక్క ఉన్న తుపాకీ దారితప్పితే ఎవరిదో తెలుస్తుంది. అయితే అది పౌరుడికి తెలిసి రాసిన లెక్క. కార్డు చాటున చూసే చూపు అలాంటిది కాదు. 2021 జనవరి 6 నాటి అల్లర్ల తర్వాత అమెరికా ఆర్థికశాఖ విభాగమొకటి ఖాతాదారుల లావాదేవీలు వెతకడానికి బ్యాంకులకు కొన్ని ఆనవాళ్లు అందించిందనీ, అందులో క్రీడాసామగ్రి దుకాణాల పేర్లూ ఉన్నాయనీ 2024 జనవరిలో అక్కడి ప్రతినిధుల సభ కమిటీ బయటపెట్టింది. తన పేరు ఏ వడపోతలో చిక్కిందో కొన్నవాడికి తెలియదు. తెలియనిదాని మీద అప్పీలెక్కడ?

టీకొట్టులోనూ ఫోన్‌తో చెల్లిస్తున్న రోజులివి. మన కొనుగోళ్ల జాడ ఎంత పెద్దదో ఒక్కసారి ఆలోచించండి. రేపు ఎవరైనా ‘మీ భద్రత కోసమే’ అంటూ ఆ జాడ అడిగితే రెండే ప్రశ్నలు వేయాలి. ఇందులో నాటుబాంబు చుట్టేవాడు దొరుకుతాడా? నా పేరు పొరపాటున ఎక్కితే నాకు చెబుతారా? రెండింటికీ జవాబు లేకపోతే ఆ చిట్టా భయపెట్టేది లైసెన్సు ఉన్న రైతునే గానీ, బాంబు దాచినవాణ్ని కాదు.